మాట వినడంలో ఉన్న సంతోషం

"వీడు అసలు మాట వినడు" అని ఒక తల్లి అంటే పిల్లాడికి చెవుడేమో అని ఎవరూ అనుకోరు. చెప్పిన పని చెయ్యడం లేదని అర్థం చేసుకుంటాం. వినడం, చెయ్యడం రెండూ మన తెలుగులో ఒక్క మాటలో ఇమిడిపోయాయి. పాత నిబంధన భాష హెబ్రీలోనూ ఇంతే. 'షామా' అంటే చెవితో వినడం, విన్నదానికి లోబడడం కూడా. అందుకే సమూయేలు సౌలు రాజుతో పొట్టేళ్ల కొవ్వు అర్పించడం కంటే "మాట వినుటయు శ్రేష్ఠము" అన్న వాక్యం (1 సమూయేలు 15:22) తెలుగులో చదువుతుంటే మన ఇంట్లో మాటలాగే ఉంటుంది.

స్తుతి, వాక్యం, విధేయత. ఈ మూడింటినీ మూడు వేర్వేరు సంగతులుగా చూడడం మనకు అలవాటైపోయింది. స్తుతి ఆదివారం పాటలప్పుడు, వాక్యం పొద్దున్న పది నిమిషాలు, విధేయత మాత్రం ఎప్పుడో దేవుడు పెద్ద పిలుపు పిలిచినప్పుడు. ఇలా విడదీశాక, బాగానే పాడుతున్నాను, రోజూ చదువుతున్నాను, అయినా లోపల సంతోషం లేదేమిటి అనే ప్రశ్న వస్తుంది. చాలామంది విశ్వాసులు పైకి చెప్పుకోలేని ప్రశ్న ఇది. దీనికి జవాబు నెహెమ్యా 8వ అధ్యాయంలో దొరుకుతుంది. అక్కడ మూడూ ఒకే వరసలో, ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

ఏడో నెల మొదటి రోజు. చెక్కతో కట్టిన వేదిక మీద శాస్త్రి అయిన ఎజ్రా నిలబడి మోషే ధర్మశాస్త్ర గ్రంథం విప్పాడు. ముందు యెహోవాను స్తుతించాడు. జనం చేతులెత్తి ఆమేన్, ఆమేన్ అన్నారు, నేలకు ముఖాలు వంచి నమస్కరించారు. తర్వాత ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా చదువు సాగింది. లేవీయులు జనం మధ్య అర్థం వివరించారు. విన్నవాళ్లు ఏడ్చారు. అప్పుడు వచ్చింది మనం గోడల మీద రాసుకునే ఆ మాట, "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు". దానికి ముందున్న మాటను మాత్రం ఎవరూ గోడ మీద రాసుకోరు. వెళ్లి తినండి, తాగండి, ఏమీ లేనివాళ్లకు వంతులు పంపించండి అని ఉంది అక్కడ. చెప్పిన మాటలు అర్థమయ్యాయి కాబట్టి వాళ్లు సంతోషించారని 12వ వచనం అంటుంది.

చాలామంది ప్రసంగాలు ఇక్కడితో ఆపేస్తారు. నన్నడిగితే అసలు సంగతి మర్నాడు జరిగింది. కుటుంబ పెద్దలు, యాజకులు, లేవీయులు మళ్లీ ఎజ్రా దగ్గర కూర్చుని చదివితే, ఏడో నెల పండగలో పర్ణశాలల్లో నివసించాలన్న ఆజ్ఞ కనబడింది. దాని మీద చర్చ పెట్టలేదు. కొండలకు వెళ్లి ఒలీవ కొమ్మలు, గొంజి కొమ్మలు, ఈత మట్టలు తెచ్చి ఇంటి కప్పుల మీద, వాకిళ్లలో, వీధుల్లో పాకలు వేసుకుని కూర్చున్నారు. యెహోషువ కాలం తర్వాత అలా ఎవరూ చెయ్యలేదట. వారికి "బహు సంతోషము" కలిగిందని 17వ వచనం. మొదటి సంతోషం అర్థం కావడం వల్ల, రెండోది చెయ్యడం వల్ల. రెండోదానికే 'బహు' అన్న మాట దక్కింది.

స్తుతికి రెండు భాగాలు

స్తుతి ఎలా చెయ్యాలో తెలియాలంటే అతి చిన్న కీర్తన చాలు. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు. మొదటిది యెహోవాను స్తుతించండి అని పిలుస్తుంది. రెండోది ఎందుకో చెప్తుంది: ఆయన కృప మన మీద అధికంగా ఉంది, ఆయన విశ్వాస్యత నిలిచి ఉంటుంది. పిలుపు ఒకటి, కారణం ఒకటి. మన స్తుతి ఎక్కువగా చప్పబడేది రెండో భాగం జారిపోవడం వల్లే. "స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం" అని నోరు అంటూనే ఉంటుంది, మనసు మాత్రం ఆ రోజు చెయ్యాల్సిన పనుల లెక్కలో ఉంటుంది. మందు సులువే. ప్రతి స్తోత్రానికీ 'ఎందుకంటే' తగిలించండి. "ప్రభువా, నీకు స్తోత్రం, ఎందుకంటే నిన్న నేను కోపంతో మాట్లాడినా నువ్వు నన్ను దూరం పెట్టలేదు." ఆ తర్వాతి ముక్క దొరకక మనసు ఆగిందంటే, అక్కడే నిజమైన స్తుతి మొదలవుతోందని అర్థం.

మొదలుపెట్టేవాళ్లకు 103వ కీర్తన మంచి బడి. 3 నుంచి 5 వరకు వచనాల్లో ఆయన చేసే పనులు వరసగా ఉన్నాయి: దోషాలు క్షమించడం, రోగాలు కుదర్చడం, ప్రాణాన్ని సమాధి నుంచి విమోచించడం, కరుణా కటాక్షాలను కిరీటంగా పెట్టడం, మేలుతో తృప్తిపరచడం. ఒక్కో పని దగ్గర ఆగి, 'ఆయన' అన్నచోట 'నువ్వు' అని మార్చి, మీ జీవితంలోంచి ఒక్క ముక్క కలిపి, పైకి వినబడేలా చెప్పండి. అయిదు పనులకు అయిదారు నిమిషాలు చాలు. పైకి చెప్పమనడానికి కారణం ఉంది. మనసులో అనుకునేది సగంలో తెగిపోతుంది, నోటితో మొదలుపెట్టిన వాక్యాన్ని మాత్రం పూర్తి చెయ్యక తప్పదు. పైగా ఈ కీర్తనలో దావీదు మాట్లాడేది తన ప్రాణంతోనే. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని తనకు తానే గుర్తు చేసుకుంటున్నాడు. మరిచిపోయే గుణం మనకు ఉంది కాబట్టే ఆ మాట అక్కడ ఉంది.

కృతజ్ఞత, స్తుతి ఒక్కటే అనిపిస్తాయి గానీ చిన్న తేడా ఉంది. ఆయన చేసినదానికి కృతజ్ఞత, ఆయన ఎవరో దానికి స్తుతి. రోజు బాగున్నప్పుడు ఈ తేడా కనబడదు. చేతికి ఏమీ అందని రోజున కనబడుతుంది. హబక్కూకు చివరి అధ్యాయంలో అంజూరం పూయలేదు, ద్రాక్ష ఫలించలేదు, ఒలీవ కాపు లేదు, చేలో పంట లేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, సాలలో పశువులు లేవు. ఆరు నష్టాలు లెక్కపెట్టి మరీ, నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు. ఆరింటిలో ఒక్కదాన్ని కూడా తక్కువ చేసి చెప్పలేదు. కష్టం ఉన్నా లేనట్టు నవ్వడమే విశ్వాసం అనుకునేవాళ్లు ఈ రెండు వచనాల దగ్గర కాసేపు కూర్చోవాలి.

నోట స్తుతి రాని రోజులు ఉంటాయి. వాటికీ కీర్తనలు ఉన్నాయి. 13వ కీర్తనలో 'ఎంతకాలం' అనే ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది, ఆ తర్వాత విన్నపం, చివర్లో నమ్మకం. అంతా కలిపి ఆరే వచనాలు. ఆ వరసనే మీ ప్రార్థనకు పెట్టుకోవచ్చు: అడగాల్సిన ప్రశ్న అడగండి, కావాల్సింది చెప్పండి, ఆ తర్వాతే "అయినా నీ కృపను నమ్ముకున్నాను" అనండి. మొదటి రెండు మెట్లూ ఎక్కకుండా మూడోదానికి దూకితే ఆ మాట గొంతులోనే ఉండిపోతుంది. 88వ కీర్తన అయితే చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. దాన్నీ దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు.

వాక్యాన్ని గొణుక్కోవడం

ధ్యానం అనగానే మనకు కళ్లు మూసుకుని మౌనంగా కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. మొదటి కీర్తనలో దివారాత్రం ధ్యానించేవాడు ధన్యుడు అన్నచోట హెబ్రీ మాట 'హాగా'. యెషయా 31:4లో ఎర మీద నిలబడి గర్జించే సింహానికి వాడింది ఆ మాటే. యెషయా 38:14లో గువ్వ మూలుగుకు వాడిందీ అదే. అంటే ధ్యానంలో గొంతు ఉంది. తక్కువ స్వరంతో ఒక మాటను పదేపదే గొణుక్కోవడం. సణుగుడు కూడా చేసేది ఇదే పని. ఎవరో అన్న మాటను రోజంతా లోపల తిప్పుకుంటూ గొణుక్కోవడం మనందరికీ వచ్చు. అంటే ధ్యానం చెయ్యడం మనకు రాక కాదు, ఇన్నాళ్లూ వేరే మాటల మీద చేస్తూ వచ్చాం.

ఎంత చదవాలన్నది తర్వాతి ప్రశ్న. బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు. మంచిదే, కానీ ఎక్కువమంది లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. నాలుగు రోజులు తప్పాక పన్నెండు అధ్యాయాల అప్పు పేరుకుంటుంది, ఆ అప్పు చూసి పుస్తకమే మూసేస్తారు. తప్పిపోయిన రోజుల బాకీ తీర్చకండి, ఈ రోజు భాగం తెరవండి. ఇంతకంటే నిదానమైన దారి కావాలంటే కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి అయిదు చొప్పున 52 వారాలకు సరిగ్గా సరిపోతాయి, వారానికి రెండు రోజులు ఖాళీగా మిగులుతాయి. తప్పిన భాగాలు ఆ రెండు రోజుల్లో సర్దుకుంటాయి.

సంతోషం గురించే చదవాలనుకుంటే ఒక నెలపాటు ఫిలిప్పీ పత్రిక ఒక్కటే చదవమంటాను. 4 అధ్యాయాలు, 104 వచనాలు. పైకి చదివితే పావుగంట, ఇరవై నిమిషాలు. రాసింది బంధకాల్లో ఉన్న పౌలు. గ్రీకులో సంతోషం, సంతోషించు అనే మాటలు ఇందులో 16 సార్లు వస్తాయి. ఆ ఊళ్లోనే పౌలు, సీల దెబ్బలు తిని, కాళ్లు బొండలో బిగించి ఉండగా, అర్ధరాత్రి వేళ కీర్తనలు పాడారని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెప్తుంది. ఆ సంఘానికి సంతోషించండి అని రాస్తే, ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో వాళ్లకు తెలుసు. మొదటి వారం ఊరికే చదవండి. రెండో వారం 'సంతోషం' వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. మూడో వారం ఆ గీతల పక్కన దేని గురించి సంతోషిస్తున్నాడో రాయండి. సువార్త ప్రకటన అవడం, సంఘం ఏకమనస్సుతో ఉండడం, ఒక స్నేహితుడు చావు అంచు నుంచి లేవడం, ఇలాంటివి తేలతాయి. అతని సొంత సౌకర్యం ఆ జాబితాలో కనబడదు.

మన పాత అనువాదం భాష గురించి ఒక మాట. అందం అందమే, కానీ కొన్ని పదాల అర్థం కాలంతో జరిగిపోయింది. 42వ కీర్తనలో "నాలో నీవేల తొందరపడుచున్నావు?" అని ఉంటుంది. నేటి చెవికి అది హడావిడి పడుతున్నావెందుకు అన్నట్టు వినబడుతుంది. అక్కడ తొందర అంటే కలత, లోపలి అల్లకల్లోలం. ఈ ఒక్క పదం సరిగ్గా అర్థమైతే ఆ వచనం రాత్రి నిద్ర పట్టనివాడి వచనంగా మారిపోతుంది. అందుకని పాత అనువాదాన్ని పైకి చదివి, పక్కనే వాడుక భాషలో వచ్చిన అనువాదం పెట్టుకుని సరిచూసుకోండి. కంఠతా పట్టడానికి మాత్రం ఒక్కదాన్నే ఎంచుకోండి. ఈ రోజు ఒకటి, రేపు ఇంకొకటి పెట్టుకుంటే రెండూ నాలుక మీద నిలవవు.

కంఠతకు వారానికి ఒక్క వచనం చాలు. ముందు రిఫరెన్సు, తర్వాత వచనం, చివర్లో మళ్లీ రిఫరెన్సు. వచనాన్ని ఊపిరికి ఒక ముక్కగా విడగొట్టి, ఒక్కో ముక్కను జోడిస్తూ పది సార్లు చెప్పండి. మర్నాడు చూడకుండా కాగితం మీద రాసి, తప్పు పోయిన పదం కింద గీత గీయండి. మూడో రోజు, ఏడో రోజు మళ్లీ. ఎక్కువమంది తప్పు చేసేది మొదటి రోజే. బాగా వచ్చేసింది కదా అని వదిలేస్తారు, నాలుగో రోజుకి సగం పోతుంది.

ఫోన్లో రోజూ వచ్చే వాగ్దాన వచనాలతోనే సరిపెట్టుకునేవాళ్లకు ఒక్క మనవి. ఆ వచనానికి ముందు అయిదు వచనాలు, తర్వాత అయిదు చదవండి. చాలాసార్లు వాగ్దానం పక్కనే ఆజ్ఞ కూడా ఉంటుంది.

సాయంత్రం ఏడింటికి

ఆ ఆజ్ఞ దగ్గరే అందరం జారుకుంటాం. చివరి రాత్రి శిష్యుల కాళ్లు కడిగాక యేసు, "ఈ సంగతులు మీరు ఎరుగుదురు గనుక వీటిని చేసినయెడల మీరు ధన్యులగుదురు" అన్నాడు. ఎరిగినందుకు ధన్యులని అనలేదు. యోహాను 15లో ఇంకా స్పష్టంగా వరస ఉంది. 9వ వచనంలో నేను మిమ్మల్ని ప్రేమించాను అంటాడు, 10లో ఆజ్ఞలు గైకొనండి అంటాడు, 11లో మీ సంతోషం పరిపూర్ణం కావాలని ఇవి చెప్తున్నాను అంటాడు. ప్రేమ, ఆజ్ఞ, సంతోషం. ఈ వరస తారుమారైతే, అంటే ప్రేమ సంపాదించడానికి ఆజ్ఞ పాటిస్తే, పని అంతా జరుగుతుంది గానీ సంతోషం రాదు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్దకొడుకు అచ్చంగా ఇలాంటివాడే. ఇన్నేళ్లు సేవించాను, నీ ఆజ్ఞ ఎన్నడూ మీరలేదు, నాకు ఒక్క మేకపిల్లనైనా ఇవ్వలేదు అంటాడు. ఇంట్లో పాటలు వినబడుతుంటే వాడు గుమ్మం బయట నిలబడ్డాడు. కొడుకై ఉండి కూలి లెక్క వేసుకున్నాడు. తండ్రి ఏమన్నాడో చూడండి: నీవెప్పుడూ నాతోనే ఉన్నావు, నావన్నీ నీవే.

చదవడం అయ్యాక ఒక్క ప్రశ్న వేసుకోండి. దీన్నిబట్టి ఈ రోజు నేను చెయ్యాల్సింది ఏమిటి? జవాబులో ఒక మనిషి, ఒక పని, ఒక వేళ ఉండాలి. "అందర్నీ ప్రేమించాలి" అని రాసుకుంటే రాత్రికి అది జరిగిందో లేదో చెప్పలేం. "సాయంత్రం ఏడింటికి అన్నయ్యకు ఫోన్ చేసి, ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడగాలి" అంటే చెప్పగలం. ఇరవై నాలుగు గంటలు దాటనివ్వకండి. విన్నప్పుడు మెత్తబడిన మనసు రెండో రోజుకి కారణాలు వెతకడం మొదలుపెడుతుంది. యాకోబు చెప్పిన అద్దం పోలిక ఇదే కదా, ముఖం చూసుకుని అవతలికి వెళ్లగానే ఎలా ఉన్నాడో మరిచిపోయే మనిషి.

ఒక్క వచనం తీసుకుని చూద్దాం. "సణుగులును సంశయములును మాని, సమస్త కార్యములను చేయుడి" (ఫిలిప్పీ 2:14). సమస్త కార్యములు అన్నదాన్ని ఒకేసారి పట్టుకోబోతే మధ్యాహ్నానికే ఓడిపోతాం. ఒక్క పని ఎంచుకోండి, మీరు ఎక్కువగా సణిగే పని. రాత్రి అందరూ తిని లేచాక గిన్నెలు తోమడం అనుకుందాం. సణుగుడు ఎప్పుడు మొదలవుతుందో గమనించండి. గిన్నెలు ముట్టుకున్నప్పుడు మొదలవదు, పక్క గదిలోంచి నవ్వులు వినబడ్డప్పుడు మొదలవుతుంది. నేనొక్కదాన్నేనా అన్న మాట అక్కడ పుడుతుంది. ఆ క్షణం కోసం ముందుగానే ఒక కీర్తన ముక్క నాలుక మీద పెట్టుకోండి, గోడకు అతికించినా సరే. సాయం కావాలంటే కొళాయి కట్టేసి, గదిలోకి వెళ్లి మామూలు గొంతుతో అడగండి. సాయం అడగడం సణుగుడు కాదు. అడగకుండా గిన్నెలు చప్పుడు చెయ్యడం సణుగుడు. ఇలా ఒక వారం చేస్తే స్తుతి, వాక్యం, విధేయత మూడూ ఒకే చోట, ఆ తొట్టి దగ్గరే కలుస్తాయి.

క్షమాపణ అడగడంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి దాని గురించి కూడా. చేసిన తప్పు పేరు పెట్టి చెప్పాలి. 'కానీ' అన్న మాట రాకూడదు. "నువ్వు బాధపడి ఉంటే" అనకూడదు, బాధపెట్టాను అనాలి. తర్వాత ఊరుకోవాలి. అవతలివాళ్లు వెంటనే క్షమించకపోవచ్చు, అది వాళ్ల వంతు. డబ్బు ముడిపడి ఉంటే డబ్బు తిరిగివ్వాలి. జక్కయ్య యేసును సంతోషంతో చేర్చుకున్నాడని లూకా 19:6 అంటుంది. రెండు వచనాలు దాటేసరికి ఆ సంతోషం వాడి సంచి దాకా వెళ్లింది: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు.

విధేయత పేరుతో జరిగే ఒక తప్పు కూడా చెప్పాలి. దెబ్బలు తింటున్న మనిషికి, భయంతో బతుకుతున్న మనిషికి "లోబడి ఉండు, సంతోషం వస్తుంది" అని చెప్పడం వాక్యాన్ని వంకరగా వాడడమే. మనుషులకు కాదు, దేవునికి లోబడాలి అని పేతురు, అపొస్తలులు సభ ఎదుటే చెప్పారు. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు ముందు క్షేమమైన చోటికి చేరాలి, నమ్మకమైన మనిషికి చెప్పాలి.

సంతోషం కనబడనప్పుడు

ఇన్నీ చేస్తున్నా లోపల ఎండిపోయినట్టే ఉంటే వెంటనే ఆత్మీయ లోపం కోసం తవ్వకండి. ఏలీయా చచ్చిపోతానని బదరీచెట్టు కింద పడుకుంటే దేవుడు మొదట చేసింది ప్రసంగం కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ రొట్టె. ఆ తర్వాత నలభై రాత్రింబగళ్ల నడక, అటుపైనే ఆ మిక్కిలి నిమ్మళమైన స్వరం. కాబట్టి ముందు అడగాల్సింది ఈ వారం సరిగ్గా నిద్రపోయానా, తిన్నానా అని.

రెండోది, తెలిసీ పక్కన పెట్టిన మాట ఏదైనా ఉందా? దాన్ని ఎక్కువసేపు వెతకాల్సిన పని ఉండదు, ప్రశ్న వెయ్యగానే గుర్తొచ్చేదే అది. దావీదు మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయి అన్నాడు 32వ కీర్తనలో. 51లో "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని అడిగాడు. రక్షణను తిరిగిమ్మని అడగలేదు, దాని ఆనందాన్ని అడిగాడు. ఒప్పుకోలు ఒక్క వాక్యం చాలు, దాని వెనకే చెయ్యాల్సిన పని.

మూడోది దుఃఖం. దగ్గరి మనిషి పోయిన ఇంట్లో స్తుతి గీతాలు గట్టిగా పాడించడం ఆదరణ కాదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధికి వెళ్లేటప్పుడు ఏడ్చాడు. వారాల తరబడి ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోతే, బతకాలనిపించకపోతే అది వైద్యుడి దగ్గరకు వెళ్లాల్సిన సంగతి. వెళ్లడం అవిశ్వాసం కాదు. ఆ మాట సంఘంలో పెద్దలు పైకి చెప్తే చాలామంది బతుకుతారు.

ఇక రోజు ఎలా నడవాలన్నది పెద్ద విషయమేం కాదు. పొద్దున్న ఇరవై నిమిషాలు: అయిదు స్తుతికి, పది చదువుకు, మిగిలిన అయిదు ఆ ఒక్క పని తేల్చుకోవడానికి. మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు ఆ వారం వచనం ఒక్కసారి. రాత్రి పడుకునే ముందు చిన్న నోటుపుస్తకం తీసి, పొద్దున్న రాసుకున్న పని పక్కన చేశానో లేదో ఒక గుర్తు పెట్టి, దాని కింద 'ఎందుకంటే' ఉన్న స్తోత్రం ఒకటి రాయండి. గుర్తు పెట్టలేకపోయిన రోజు తిట్టుకోకండి. ఆ పనినే రేపటి పేజీలో పైన రాసి పడుకోండి. మర్నాడు కొత్త భాగం తెరిచే ముందు, ముందు ఆ ఫోన్ చెయ్యండి.